దూరం నుండి చూచిన పుడమి

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఈ పాఠశాల తలుపులు తెరుచుకొన్న నాటికి ఆకాశంలో మానవుడు నిర్మించిన ఉపగ్రహం ఒక్కటి కూడా లేదు. మొట్టమొదటిదైన స్పుత్నిక్‌ను సోవియట్ యూనియన్ 1957 అక్టోబరు 4న ప్రయోగించినది. అంతకు ముందు ఇక్కడ చదువుకొన్న పిల్లలకు భూమి గుండ్రంగా ఉన్నదని రుజువులు చూపి నేర్పవలసి వచ్చేది. ఓడ తీరానికి వచ్చేటప్పుడు మొదట తెరచాప కొయ్య కొస, ఆ తరువాతనే ఓడ అడుగుభాగం కనిపించడం ఒక రుజువు. చంద్రగ్రహణం నాడు చంద్రునిపై పడే నీడ అంచు వంపు తిరిగి ఉండడం మరొకటి. రుజువులు గట్టివే. అయితే ఆ గుండ్రని వస్తువును సాంతం కన్నులారా చూచినవారు మాత్రం లోకంలో ఎవరూ లేరు. ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న పెద్దలు కొందరు ఆ రుజువులు కంఠస్థం చేసిన తరంవారే. వారి మనుమలు అదే భూమిని నీలి గోళంగా పాఠ్యపుస్తకాలలో, గోడ క్యాలెండర్లలో, చేతిలోని ఫోను తెరలమీద చూచి చూచి, దానినొక వింతగా భావించడమే మరచిపోయినారు. వింత పాతబడినప్పుడు దానిని మళ్లీ మొదటినుండి చెప్పడం బడిపంతుళ్ల పని.

1968 డిసెంబరు 21న అమెరికా నుండి అపోలో 8 నౌక బయలుదేరినది. అందులో ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లవెల్, విలియం ఆండర్స్ అనే ముగ్గురు వ్యోమగాములు ఉన్నారు. భూమి కక్ష్యను విడిచి మరొక ఖగోళం చుట్టూ తిరిగిన తొలి మానవులు వారే. డిసెంబరు 24న చంద్రుని కక్ష్యలో ప్రవేశించి, 20 గంటలలో పది ప్రదక్షిణలు చేసి, 27న సముద్రంలో దిగినారు. వారికి అప్పగించిన పని చంద్రుని ఉపరితలాన్ని పరిశీలించడం, తరువాత రాబోయేవారు దిగడానికి అనువైన స్థలాలను ఫోటోలు తీయడం. మొదటి మూడు ప్రదక్షిణలలో వారికి భూమి కనిపించనే లేదు. నౌక కిటికీలు చంద్రునివైపు తిరిగి ఉండడమే అందుకు కారణం. నాలుగవ ప్రదక్షిణలో బోర్మన్ నౌకను ఒక పక్కకు పొర్లించినాడు. అప్పుడు చంద్రుని అంచు దాటి నీలం, తెలుపు కలిసిన చిన్న గోళం పైకి వస్తూ ఆండర్స్ కంటబడినది. కెమెరాలో ఉన్నది నలుపు తెలుపుల ఫిలిం. దానితో ఒక చిత్రం తీసి, రంగుల ఫిలిం త్వరగా అందించమని లవెల్‌ను తొందరచేసి, దొరికిన వెంటనే మరల తీసినాడు. 'ఎర్త్‌రైజ్' పేరుతో, అనగా 'భూమి ఉదయం' అనే అర్థంతో ప్రసిద్ధికెక్కిన చిత్రం అదే.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. చంద్రునిపై నిలబడినవానికి భూమి ఉదయించదు, అస్తమించదు. చంద్రుడు ఎల్లప్పుడూ ఒకే ముఖం భూమివైపు ఉంచి తిరుగుతాడు గనుక అక్కడినుండి చూస్తే భూమి ఆకాశంలో దాదాపు ఒకేచోట వ్రేలాడుతున్నట్లు ఉంటుంది. ఆ ఉదయం నౌక ప్రయాణం వలన కలిగినది. అంతేకాదు, వ్యోమగాములకు చంద్రుని అంచు నిలువుగా, భూమి దాని పక్కన ఉన్నట్లుగా కనిపించినది. పత్రికలవారు చిత్రాన్ని తిప్పి, చంద్రుని నేల కింద ఉన్నట్లు అచ్చువేసినారు. నేల కింద ఉండకపోతే మనిషికి తోచదు.

చంద్రుని పరిశోధించుటకు అంత దూరం పోయి, అన్నింటికంటే ముఖ్యంగా భూమిని కనుగొన్నామని ఆండర్స్ తరువాతి కాలంలో చెప్పినాడు. బొటనవ్రేలు చాచి పట్టుకుంటే దాని చాటున భూమి అంతా దాగిపోయినదని లవెల్ చెప్పుకొనేవాడు. తాను ఎరిగిన మనుషులు, ఊళ్లు, యుద్ధాలు, గ్రంథాలు సమస్తం ఒక గోటి వెనుకకు పోవడం ఎంతటి అనుభవమో ఊహించవచ్చు. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. బోర్మన్ 2023లో, ఆండర్స్ 2024లో, లవెల్ 2025లో కన్నుమూసినారు.

ఈ దూరాలు అంకెలలో చెబితే పిల్లల మనసుకు పట్టవు. అందుచేత జూబిలీ ప్రదర్శనలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు పాఠశాల గ్లోబునే కొలబద్దగా చేసి ఒక బల్లమీద ఏర్పాటు చేసినారు. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లు, భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. ఆ లెక్కన చంద్రుడు ఒక బత్తాయిపండంత. దానిని గ్లోబు నుండి తొమ్మిది మీటర్ల దూరంలో, వరండా అవతలి కొసన ఉంచవలసి వచ్చినది. సూర్యుడిని తేవడం సాధ్యం కాలేదు. 33 మీటర్ల గోళాన్ని మూడున్నర కిలోమీటర్ల అవతల నిలుపవలెను. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ దాదాపు ఎనిమిది రోజులు గడిపిన సల్యూత్ 7 కేంద్రం కాని, 2025లో శుభాంశు శుక్లా వెళ్లివచ్చిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కాని, ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరు ఎత్తున కూడా లేవు. అంతమాత్రం ఎత్తుకే వారికి దేశాల నడుమ గీతలు కనిపించలేదు. భారతదేశం పైనుండి ఎలా ఉన్నదని ప్రధాని ఇందిరాగాంధీ అడిగినప్పుడు రాకేశ్ శర్మ ఇక్బాల్ గీతంలోని మాటతోనే బదులు చెప్పిన సంగతి పెద్దలందరికీ జ్ఞాపకమే.

అదే బల్లమీద ఇంకొక చిత్రం ఉన్నది, చంద్రుడికంటె దానికే ఎక్కువ మంది ఆగుతున్నారు. భూమి మీది నీరంతా, సముద్రాలు, మంచు, భూగర్భజలం, మేఘాలతో సహా, ఒక బంతిగా చుడితే దాని వ్యాసం సుమారు 1,385 కిలోమీటర్లు అవుతుందని శాస్త్రజ్ఞులు లెక్కించినారు. గ్లోబు పక్కన పెడితే అది ఒక చిన్న నిమ్మకాయ. అందులో ఉప్పు, మంచు తీసివేసి, బావులలో చెరువులలో ఉండే మంచినీరు మాత్రం లెక్కిస్తే శనగగింజ. నదులలో, సరస్సులలో కంటికి కనిపించే నీరు మాత్రమైతే ఆవగింజ. నిమ్మకాయను చూచి కొందరు తల్లులు ఇది పొరపాటు లెక్క అని వాదించినారట. పొరపాటు లేదు. సముద్రం విశాలమే గాని, భూమి పరిమాణం ముందు దాని లోతు అత్యల్పం. గాలి సంగతీ అంతే. గాలిలో మూడొంతులకు పైగా నేలనుండి పన్నెండు కిలోమీటర్ల లోపే ఉన్నది. గ్లోబు మీద అది పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అనగా గ్లోబుకు అతికించిన కాగితం, దానిపై పూసిన వార్నిషు కలిసినంత మందం. సమస్త ప్రాణికోటి ఊపిరి ఆ వార్నిషులోనే ఉన్నది.

ఆ వార్నిషు కూడా ఊరకే వచ్చినది కాదు. ప్రాణవాయువును మొదట గాలిలోనికి వదలినవి సముద్రజలాలలోని కంటికి కనిపించని సూక్ష్మజీవులు. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం ఆ పని సాగినది. పొరుగు గ్రహాలను చూస్తే దాని విలువ తెలుస్తుంది. శుక్రగ్రహం పరిమాణంలో భూమికి దాదాపు తోబుట్టువు. కాని బొగ్గుపులుసు వాయువు దట్టంగా కమ్ముకొనడం వలన అక్కడి నేల 460 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కాలుతుంటుంది. సీసం కరిగిపోయే వేడి అది. అంగారకుని గాలి ఒత్తిడి భూమిపై ఉన్నదానిలో నూరోవంతు కూడా లేదు. ఆ గ్రహాలకు నౌకలను పంపి కొలిచిన తరువాతనే ఈ పోలిక ఇంత కచ్చితంగా చేతికి వచ్చినది.

ఇక రెండవ చిత్రం. 1972 డిసెంబరు 7న అపోలో 17 నౌక చంద్రుని వైపు బయలుదేరిన సుమారు అయిదు గంటలకు, 29 వేల కిలోమీటర్ల దూరం నుండి వ్యోమగాములు భూమిని ఫోటో తీసినారు. సూర్యుడు వారి వెనుక ఉన్నందున భూగోళం పూర్తిగా వెలిగి ఉన్నది. దీనికి 'బ్లూ మార్బుల్', అనగా 'నీలి గోళీ' అని పేరు వచ్చినది. సెర్నన్, ఎవన్స్, ష్మిట్ అనే ముగ్గురిలో ఎవరు తీసినారో చెప్పక ముగ్గురి పేరనా ప్రకటించినారు. అందులో ఆఫ్రికా ఖండం, మడగాస్కరు, అరేబియా, తెల్లని దక్షిణ ధ్రువం చక్కగా కనిపిస్తాయి. భారతదేశం కుడివైపు పైన అంచున ఒదిగి ఉంటుంది, వెదకవలెను. ఆ అంచు దగ్గరనే ఒక తెల్లని మేఘాల సుడి ఉన్నది. ప్రపంచంలో కోట్లమంది ఇళ్లలో వ్రేలాడిన ఆ పటంలో ఆ సుడి ఏమిటని అడిగినవారు తక్కువ.

అది తమిళనాడు తుపాను. ఆ ఫోటోకు రెండు రోజుల ముందు, డిసెంబరు 5న, కడలూరు సమీపంలో తీరాన్ని తాకి, చెన్నపట్నం వరకూ గాలివానతో ముంచెత్తి, బలహీనపడి పడమరకు సాగుతున్న తుపాను. ఈ పాఠశాలలో చదివిన వారిలో ఆనాటి గాలి హోరు విన్నవారు తప్పక ఉంటారు. అంత ప్రశాంతంగా, అంత అందంగా కనిపించే చిత్రంలో వారి ఇంటిమీది వాన కూడా ఉన్నది. దూరం నుండి చూచినప్పుడు సౌందర్యమే కనబడుతుందని, బాధ కనబడదని విమర్శించేవారికి ఈ చిత్రమే సమాధానం. బాధ కూడా కనబడుతుంది. చూడడం తెలియవలెను.

కూటికి లేని దేశానికి రాకెట్లెందుకని అడిగే రోజులు పూర్తిగా పోలేదు. ప్రశ్న న్యాయమైనదే, దానిని ఎగతాళి చేయరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా జనం ప్రాణాలు కోల్పోయినారు. మూలపాలెం, సొర్లగొంది వంటి ఊళ్ల పేర్లు వింటే కృష్ణాజిల్లా నుండి వలసవచ్చిన కుటుంబాలలో ఈనాటికీ మాట ఆగిపోతుంది. ఆనాడు భారతదేశానికి బంగాళాఖాతంపై ఎడతెగకుండా చూపు నిలిపే సొంత ఉపగ్రహం లేదు. 1983లో ఇన్‌శాట్ 1బి ఆ స్థానంలో నిలిచినది. 2002లో శ్రీహరికోట నుండి వెళ్లిన వాతావరణ ఉపగ్రహానికి, మరుసటి సంవత్సరం కొలంబియా ప్రమాదంలో మరణించిన కల్పనా చావ్లా పేరు పెట్టినారు. చూపు ఒక్కటే చాలదని 1999 అక్టోబరులో ఒరిస్సా పెనుతుపాను నిరూపించినది. ఉపగ్రహం చూచినది, కాని తలదాచుకొనేందుకు గట్టి కట్టడాలు చాలినన్ని లేవు, సుమారు పదివేలమంది పోయినారు. ఆ తరువాత తీరమంతటా తుపాను రక్షణ భవనాలు లేచినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు దాదాపు పదిలక్షల మందిని ముందే తరలించినందున మృతుల సంఖ్య పదులలోనే ఆగినది. కూటి ప్రశ్నకు ఇది పూర్తి సమాధానం కాకపోవచ్చు. ప్రాణం ప్రశ్నకు మాత్రం ఇదే సమాధానం.

అదే సంవత్సరం నవంబరు 5న మంగళయాన్ శ్రీహరికోట నుండి లేచినది. పులికాట్ సరస్సుకు, సముద్రానికి నడుమనున్న ఆ దీవి ఇక్కడికి దగ్గరే. ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు రాకెట్టు మంట చెన్నై మేడలమీదికి కూడా కనిపిస్తుంది. అంగారకునికి బయలుదేరిన ఆ నౌక నవంబరు 19న, సుమారు 68 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండగా, కెమెరాను పరీక్షించుటకు వెనుదిరిగి భూమిని ఫోటో తీసినది. ఈసారి భారతదేశం అంచున లేదు, స్పష్టంగా కనిపించినది. బంగాళాఖాతంలో మరల ఒక మేఘాల సుడి! అది హెలెన్ తుపాను. మూడు రోజుల తరువాత మచిలీపట్నం సమీపంలో తీరం దాటినది. నలభై ఒక్క సంవత్సరాల ఎడంతో రెండు నౌకలు ఎక్కడికో పోతూ వెనుదిరిగి చూస్తే, రెండుసార్లూ ఈ సముద్రమే, రెండుసార్లూ తుపానే. ప్రదర్శనలో రెండు చిత్రాలనూ పక్కపక్కనే ఉంచడం పిల్లలకు తోచిన ఆలోచన. పెద్దలకు తోచి ఉండేది కాదేమో.

నీటి ఆవగింజ సంగతి చెన్నైవాసులకు పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే తెలిసినది. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు అడుగంటినవి. ఒక సంవత్సరం ముందు నీలంగా, ఆ సంవత్సరం మట్టిరంగుగా కనిపించే రెడ్‌హిల్స్ ఉపగ్రహ చిత్రాలను ప్రపంచ పత్రికలు ప్రచురించినవి. జూలైలో జోలార్‌పేట నుండి రైలుబండిలో నీరు తెచ్చినారు, ఒక్కొక్క బండికి 25 లక్షల లీటర్లు. అంతకు నాలుగు సంవత్సరాల ముందే, 2015 డిసెంబరులో, ఇదే నగరం వరదలో మునిగినది. కృష్ణానది నీరు శ్రీశైలం నుండి కండలేరు మీదుగా పూండికి చేరే తెలుగుగంగ కాలువ 1996 నుండి ఈ నగరపు దాహాన్ని కొంత తీరుస్తున్నది. తెలుగునేల మీద కురిసిన వాన తమిళనేల మీది కుండలోనికి వస్తున్నదన్నమాట. పైనుండి చూచినవానికి ఆ కాలువ ఒక సన్నని గీత. సరిహద్దు మాత్రం ఎక్కడా లేదు.

తెల్లవారి మేలుకొని, పాదం నేలపై మోపకముందే, కాలు తగులుతున్నందుకు క్షమించమని భూమాతను వేడుకొనే ఆచారం చాలా ఇళ్లలో ఉండేది. నానమ్మలు నేర్పేవారు. అందులోని భావం, చంద్రుని దగ్గరినుండి తిరిగివచ్చిన వ్యోమగాములు చెప్పిన భావం వేరు వేరు కావు. భూమిని పైనుండి చూచినవారిలో కలిగే ఈ మార్పును గురించి ఫ్రాంక్ వైట్ అనే అమెరికా రచయిత 1987లో ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆ మార్పు ఎల్లప్పుడూ ఆనందమే అనుకొనరాదు. 2021లో, తొంభై సంవత్సరాల వయస్సులో, కొద్ది నిమిషాలు అంతరిక్షపు అంచుకు పోయివచ్చిన నటుడు విలియం షాట్నర్ దిగగానే కంటతడి పెట్టినాడు. తనకు కలిగినది దుఃఖమని, చుట్టూ ఉన్న నల్లని శూన్యానికి, కింద నాశనమవుతున్న జీవానికి విలపించినానని తరువాత వ్రాసినాడు. నానమ్మలు రాకెట్టెక్కకుండానే, కన్నీరు లేకుండానే, ప్రతి ఉదయం ఆ పని చేసినారు. వారిని మూఢులని కొట్టిపారేసిన తరం ఒకటి వచ్చినది, ఆ మాట ఇప్పుడు వెనుకకు తీసుకొనవచ్చును.

మూడవ చిత్రంలో భూమి దాదాపు లేనే లేదు. 1977 సెప్టెంబరు 5న బయలుదేరిన వాయేజర్ 1 నౌక గురుగ్రహాన్ని, శనిని పరిశోధించి సౌరకుటుంబం వెలుపలికి సాగిపోతుండగా, ఒకసారి వెనుదిరిగి భూమిని చూడనిమ్మని కార్ల్ సాగన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి కోరినాడు. దానివలన కొత్త శాస్త్రవిషయం ఏదీ తెలియదని, సూర్యకాంతికి కెమెరా చెడిపోతుందని అభ్యంతరాలు వచ్చినవి. చివరకు 1990 ఫిబ్రవరి 14న, సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుండి అనుమతి దొరికినది. కెమెరా అద్దాలలో చెదరిన సూర్యకిరణం ఒకదానిలో, చిత్రపు చుక్కలలో ఒక పూర్తి చుక్క కూడా కానంత చిన్నదిగా, లేత నీలి నలుసువలె భూమి పడినది. పాఠశాల గ్లోబు కొలతలో ఆ దూరం 141 కిలోమీటర్లు. చెన్నైలో బల్లమీద ఉన్న గ్లోబును ఇంచుమించు తిరుపతి నుండి చూడడం వంటిది. ఆ వరుస చిత్రాలు పూర్తికాగానే కెమెరాలను శాశ్వతంగా ఆపివేసినారు. వాయేజర్ 1 చూచిన కడపటి దృశ్యాలవి.

ఆ నౌకకు కన్ను మూతపడినది గాని, నోరు ఉన్నది. దాని పక్కన అమర్చిన బంగారుపూత రికార్డులో 55 భాషలలో మానవుల పలకరింపులు ముద్రింపబడినవి. వాటిలో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే ప్రజల శుభాకాంక్షలు అందులో ఉన్నవి. హిందీ, మరాఠీ, కన్నడ, ఒరియా, వంగభాషలు కూడా ఉన్నవి. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఉన్నది. తమిళం మాత్రం లేదు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో అప్పటికి అందుబాటులో ఉన్నవారి గొంతులను కొద్దివ్యవధిలో సేకరించినందున అలా జరిగినది. అంత ప్రాచీనమైన, అన్నం పెట్టి ఆదరించిన పొరుగు భాష ఆ పెట్టెలో లేకపోవడం లోటేనని ఈ నేలమీద పెరిగిన తెలుగువారు చెప్పుకొనడం ధర్మం.

2012 ఆగస్టులో వాయేజర్ 1 సూర్యుని గాలి ప్రభావం అంతమయ్యే ఎల్లను దాటి నక్షత్రాల నడిమి ప్రదేశంలోనికి ప్రవేశించినది. సుమారు 40 వేల సంవత్సరాల తరువాత గాని మరొక నక్షత్రం పరిసరాలకు చేరదు. అందులోని తెలుగు పలుకు వినగోరిన పిల్లల కొరకు దాని ధ్వనిని ప్రదర్శన గదిలో, గ్లోబు ఉన్న బల్ల పక్కనే వినిపించే ఏర్పాటు జరిగినది. కొద్ది సెకన్లలోనే ముగుస్తుంది గనుక చెవి ఒగ్గి వినవలెను. గదిలో మాట్లాడవద్దని తల్లిదండ్రులకు మనవి.